తెలియనివాడు తెలివిలేనివాడు కాదు



వార్షికోత్సవ సంచిక అనగానే విజయాల గురించి రాయడం ఆనవాయితీ. ఫలానా అన్నకు ఉద్యోగం వచ్చింది, ఫలానా అక్క విదేశానికి వెళ్ళింది అని చదివి మనమందరం సంతోషిస్తాం. సంతోషించాలి కూడా. కానీ ఉద్యోగం వచ్చిన మరుసటి రోజు నుండి ఆ కుర్చీలో కూర్చుని ఏం చేస్తున్నారో, ఎవరి చేత ఏ మాట పడుతున్నారో ఎవరూ రాయరు. మన వసతిగృహంలో ఉండి ఎం.సి.ఏ., ఎం.ఎస్సీ. కంప్యూటర్స్ వంటి కోర్సులు చదివి ‘ఐటీ సపోర్ట్’ ఉద్యోగాల్లో చేరిన వాళ్ళం కొందరం ఉన్నాం. మా ఇళ్ళలో పట్టా అందుకున్న మొదటి తరం మాదే. ఊళ్ళో అమ్మానాన్నలు మాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమని చెప్పుకుంటారు. హాస్టల్ తమ్ముళ్ళు ‘ఏం పని అన్నా?’ అని అడిగితే మాత్రం మాలో చాలామంది ‘సపోర్ట్’ అని గొంతు తగ్గించి చెబుతారు. ఆ గొంతు తగ్గించాల్సిన అవసరం లేదని చెప్పడానికే ఈ వ్యాసం. దానితో పాటు, ఆ ఉద్యోగంలో మాకు వచ్చే కోపం ఎవరి మీదికి పోవాలి, ఎవరి మీదికి పోకూడదు అనే విషయం కూడా మీతో పంచుకోవాలనుకుంటున్నాం.

మా పని ఏమిటి?

ఒక కంపెనీలో గానీ, ఆసుపత్రిలో గానీ, కాలేజీలో గానీ కంప్యూటర్ వాడే ప్రతి మనిషినీ మా భాషలో ‘యూజర్’ అంటారు. యూజర్‌కు ఏ ఇబ్బంది వచ్చినా హెల్ప్ డెస్క్‌కు ఫోన్ చేస్తాడు, లేదా మెయిల్ పెడతాడు. ఆ ఫిర్యాదుకు ఒక నంబరు పడుతుంది. దాన్ని టికెట్ అంటాం. మొదట ఫోన్ ఎత్తేది ఎల్-1 వాళ్ళు. వాళ్ళ వల్ల కాకపోతే ఎల్-2కి, అక్కడా తేలకపోతే ఎల్-3కి వెళుతుంది. కొత్తగా చేరినవాళ్ళు సాధారణంగా ఎల్-1లోనే ఉంటారు. అంటే తిట్లు ముందుగా తగిలేది మాకే.

ప్రతి టికెట్‌కూ ఒక గడువు ఉంటుంది. గడువు దాటితే టికెట్ ఎర్రబడుతుంది, పై అధికారి నుండి మెయిల్ వస్తుంది. ఎన్ని టికెట్లు మూశారు, ఒక్కో ఫోన్‌కు ఎన్ని నిమిషాలు తీసుకున్నారు, యూజర్ ఎన్ని మార్కులు ఇచ్చాడు అని నెలాఖరుకు లెక్క తీస్తారు. సమస్య తీర్చినా, యూజర్ కోపంలో ఉండి ఒక మార్కు వేస్తే అది మా ఖాతాలోనే పడుతుంది. క్లయింట్ అమెరికాలో ఉంటే వాళ్ళ పగలు మనకు రాత్రి. ఊరంతా నిద్రపోయే వేళ మేము ‘గుడ్ మార్నింగ్’ అని ఫోన్ ఎత్తుతాం.

మా బాధలు

మొదట మా బాధలే చెప్పుకుంటాం. దాచిపెడితే తరువాత చెప్పే మాటకు విలువ ఉండదు.

‘కంప్యూటర్ పనిచేయడం లేదు’ అని ఫోన్ వస్తుంది. ఏం పనిచేయడం లేదని అడిగితే ‘ఏదీ పనిచేయడం లేదు’ అంటారు. పావుగంట మాట్లాడాక తెలిసేదేమిటంటే, ఊడ్చేటప్పుడు ప్లగ్గు ఊడింది. ‘పాస్‌వర్డ్ కరెక్టుగానే కొడుతున్నా, తీసుకోవడం లేదు’ అని మరొకరు అరుస్తారు. క్యాప్స్ లాక్ వెలుగుతూ ఉంటుంది. తెర మీద ఏం రాసి ఉందో చదవమంటే ‘ఏదో వచ్చింది, తీసేశాను’ అంటారు. ఆ ‘ఏదో’ తెలిస్తేనే కదా మేము వైద్యం చేసేది! మానిటర్‌ను కంప్యూటర్ అనీ, అసలు కంప్యూటర్‌ను సి.పి.యు. అనీ అంటారు. డెస్క్‌టాప్ మీద ఉన్న షార్ట్‌కట్ గుర్తును చెరిపేసి, సాఫ్ట్‌వేర్ మొత్తం పోయిందని గగ్గోలు పెడతారు. ప్రింటర్‌లో కాగితం లేకపోయినా టికెట్టే. ఇక సోమవారం ఉదయం సంగతి చెప్పనక్కర్లేదు. రెండు రోజుల సెలవులో పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్ళంతా క్యూ కడతారు.

ఇవి నవ్వుకునే బాధలు. నవ్వు రాని బాధలు వేరే ఉన్నాయి. పెద్ద గదిలో కూర్చునే అధికారి ‘ఆ సిస్టమ్ కుర్రాణ్ణి పంపండి’ అంటాడు. రెండేళ్ళు ఎం.సి.ఏ. చదివినవాడికి అక్కడ పేరు ఉండదు. వెళితే కుర్చీలోంచి లేవడు, కూర్చోమనడు. టేబుల్ కింద దూరి వైర్లు సరిచేస్తుంటే కాళ్ళు కూడా జరపడు. పని అయ్యాక ‘ఇంత చిన్నదానికి ఇంతసేపా?’ అంటాడు. అన్నీ సవ్యంగా నడిచిన రోజున ‘వీళ్ళకు జీతాలెందుకు?’ అని, ఏదైనా ఆగిన రోజున ‘వీళ్ళకు జీతాలెందుకు?’ అని రెండు సందర్భాల్లోనూ ఒకే మాట వినపడే ఉద్యోగం మాది. ఇంగ్లీషులో కొంచెం తడబడితే ‘ఇంకెవరైనా ఉంటే ఇవ్వండి’ అని అడిగేవాళ్ళు ఉంటారు. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళకు ఆ మాట ఎంత లోతుగా దిగుతుందో మన హాస్టల్ మిత్రులకు వివరించనవసరం లేదు.

కాబట్టి కోపం వస్తుంది. రావడం సహజం. ఆ కోపాన్ని ఎక్కడ దించాలన్నదే ప్రశ్న.

ఆ హాస్యం మనది కాదు

ఈ వృత్తిలో యూజర్ల మీద బోలెడు జోకులు ఉన్నాయి. ‘సమస్య కంప్యూటర్‌లో లేదు, కీబోర్డుకూ కుర్చీకీ మధ్య ఉంది’ అనేది ప్రపంచమంతా తిరిగే జోకు. యూజర్‌కు అర్థం కాకుండా టికెట్‌లో రాసుకోవడానికి ఆంగ్ల అక్షరాల కోడ్ కూడా తయారు చేసుకున్నారు. కొత్తగా చేరినవాడికి సీనియర్లు పనికంటే ముందు ఈ జోకులు నేర్పుతారు. ఆ నవ్వులో కలిస్తే జట్టులో మనిషి అయినట్టు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఆ నవ్వులో మీరు కలవకండి. ఎందుకో చెబుతాం.

‘ఈమాత్రం తెలియదా?’ అనే మాట మన ఇళ్ళకు కొత్త కాదు. బ్యాంకులో డబ్బు తీసే ఫారం ఎవరైనా నింపి పెడతారేమోనని గోడవారగా నిలబడిన తండ్రులు మనకు ఉన్నారు. ‘ఇక్కడ కాదు, అక్కడ’ అని ఒక కౌంటర్ నుండి మరో కౌంటర్‌కు తిరిగిన తల్లులు ఉన్నారు. వేలిముద్ర యంత్రం దగ్గర ‘సరిగ్గా నొక్కమ్మా’ అని విసుక్కుంటారు. పత్తి ఏరి, నాటు వేసి, సిమెంటు కలిపి అరిగిపోయిన వేళ్ళు అవి. ఎంత గట్టిగా నొక్కినా యంత్రం వాటి గీతలు పట్టుకోలేదు. అక్కడ తప్పు వేలిదా, యంత్రానిదా? కానీ తలదించుకునేది మాత్రం ఆ వేలు గల మనిషే.

అదే తండ్రి పొలంలో మోటారు శబ్దం విని రోగం చెప్పగలడు. ‘గుంయ్ మంటోంది గానీ తిరగడం లేదు’ అని మెకానిక్‌కు కబురు పెడతాడు. మూడు ఫేజుల్లో ఒకటి పోయి ఉంటుందని మెకానిక్‌కు ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది. ‘గుంయ్ అనడమేమిటి, సాంకేతికంగా చెప్పు’ అని ఏ మెకానిక్కూ రైతును వెక్కిరించడు. వెక్కిరిస్తే మరుసటి పంటకు అతనికి పని ఉండదు. రైతు తన మాటలో చెబుతాడు, మెకానిక్ దాన్ని తన విద్యలోకి మార్చుకుంటాడు. ఆ మార్చుకోవడమే మెకానిక్ చదువు. మా చదువు కూడా అదే. ‘ఏదో వచ్చింది, తీసేశాను’ అన్న మాటలోంచి అసలు జబ్బు ఏమిటో రాబట్టడానికే మాకు జీతం ఇస్తున్నారు. అది చేతకాక యూజర్‌ను నిందించడం ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఉంటుంది.

తప్పు ఎవరిది?

ఇది జాలి కబురు కాదు. చాలాసార్లు ‘యూజర్ తప్పు’ అనుకున్నది యూజర్ తప్పు కాదని రుజువైంది కూడా.

పాస్‌వర్డ్ సంగతే తీసుకుందాం. పెద్ద అక్షరం, చిన్న అక్షరం, అంకె, గుర్తు అన్నీ ఉండాలి, కొన్ని నెలలకోసారి మార్చాలి అనే నిబంధన అందరికీ తెలిసిందే. దీనికి మూలం 2003లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో బిల్ బర్ అనే ఉద్యోగి రాసిన మార్గదర్శకాలు. ప్రపంచమంతా వాటిని అనుసరించింది. జనం ఏం చేశారు? గుర్తుపెట్టుకోలేక కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించారు. మార్చమన్నప్పుడల్లా చివరి అంకె ఒకటి నుండి రెండు చేశారు. సపోర్ట్ వాళ్ళు నవ్వారు. 2017లో ఆ సంస్థే తన మార్గదర్శకాలను తిరగరాసింది. పాస్‌వర్డ్ బయటపడిందన్న ఆధారం లేకుండా ఊరికే మార్పించవద్దని, అక్షరాలు, గుర్తుల మిశ్రమం కోసం పట్టుబట్టవద్దని చెప్పింది. తాను చెప్పిన వాటిలో చాలావాటికి ఇప్పుడు విచారిస్తున్నానని అదే ఏడాది బిల్ బర్ స్వయంగా పత్రికకు చెప్పాడు. అంటే పద్నాలుగేళ్ళ పాటు నిబంధనది తప్పు, నిందపడింది యూజర్ మీద. ఇప్పటికీ పాత నిబంధననే పట్టుకు వేలాడుతున్న కార్యాలయాలు ఉన్నాయి. సోమవారం క్యూలు అందుకే తగ్గడం లేదు.

డొనాల్డ్ నార్మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1988లో వెలువడిన తన పుస్తకంలో తలుపుల గురించి రాశాడు. లాగాలో తోయాలో చూడగానే తెలియని తలుపు దగ్గర మనిషి తడబడితే, అది మనిషి లోపం కాదు, తలుపు చేసినవాడి లోపం అన్నది ఆయన వాదన. కంప్యూటర్ తెరకు కూడా ఇదే వర్తిస్తుంది.

మన సంగతే చూడండి. ఫారంలో ‘ఫస్ట్ నేమ్’ అని ఒక గడి ఉంటుంది. మన తెలుగువాళ్ళకు పేరులో ముందు వచ్చేది ఇంటిపేరు. ‘ఫస్ట్’ అన్నారు గనుక ముందు వచ్చేదే రాస్తారు. అందులో ఏం తప్పు ఉంది? ఆ ఫారం చేసినవాడికి మన పేర్ల సంగతి తెలియదు. నిజానికి ఇక్కడ ‘ఏమీ తెలియనివాడు’ ఫారమే. అమెరికా సాఫ్ట్‌వేర్‌లో నెల ముందు, తేదీ తరువాత రాస్తారు. పదమూడో తేదీన పుట్టిన మనవాడు మన పద్ధతిలో తేదీ ముందు కొడితే ‘తప్పు తేదీ’ అంటుంది. పన్నెండులోపు తేదీన పుట్టినవాడికైతే ఏమీ అనకుండా పుట్టినరోజునే మార్చేసి ఊరుకుంటుంది. ఇది మరీ ప్రమాదం.

2024 జులై 19 అందరికీ గుర్తుండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. విమానాలు ఆగాయి. మన దేశపు విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ఒక్క యూజర్ కూడా ఏ తప్పూ చేయలేదు. తప్పు చేసింది ఆరితేరిన నిపుణులు. దాన్ని బాగుచేసింది ఎవరు? అనేక చోట్ల ఒక్కో యంత్రం దగ్గరికీ వెళ్ళి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఒక్క ఫైలును చేత్తో తొలగించిన సపోర్ట్ ఉద్యోగులు. పేరు లేని ‘సిస్టమ్ కుర్రాళ్ళే’!

మన స్కాలర్‌షిప్ కథ

ఇంత దూరం ఎందుకు? మనమందరం యూజర్లమే. మన హాస్టల్‌లో ఈ వ్యాసం చదువుతున్న ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు ‘ఏమీ తెలియని యూజర్’గా మాట పడ్డవారే.

స్కాలర్‌షిప్ దరఖాస్తు గుర్తు తెచ్చుకోండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. కంప్యూటర్‌కు ఆ ఇద్దరూ వేర్వేరు మనుషులు. ఆధార్ సరిచేయించడానికి ఒక చోటు, కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవ, వేలిముద్రకు మళ్ళీ మీసేవ, కాపీలు ఇవ్వడానికి కాలేజీ. ఏ మెట్టు దగ్గర ఆగినా ‘మీరే సరిగా నింపలేదు’ అనే సమాధానం.

అన్నీ సరిగా ఉన్నా డబ్బు పడదు. ‘విడుదలైంది’ అని కనిపిస్తుంది, ఖాతాలో ఉండదు. దీని వెనుక ఉన్న సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. మన ఆధార్‌ను ఎన్ని బ్యాంకు ఖాతాలకైనా ఇచ్చి ఉండవచ్చు. కానీ ప్రభుత్వం ఆధార్ ఆధారంగా డబ్బు బదిలీ చేసినప్పుడు అది ఒక్క ఖాతాకే వెళుతుంది. ఏ ఖాతాకు వెళ్ళాలో ఎన్.పి.సి.ఐ. అనే సంస్థ దగ్గర ఒక పట్టిక ఉంటుంది. ఆధార్‌ను చివరగా ఏ ఖాతాకు సీడింగ్ చేశారో ఆ ఖాతాయే అందులో ఉంటుంది. మనం దరఖాస్తులో ఒక బ్యాంకు నంబరు రాస్తాం, డబ్బు మరో బ్యాంకులో పడుతుంది. ‘నా డబ్బు ఎవరో తినేశారు’ అని పిల్లవాడు ఏడుస్తాడు. ‘ఏ ఖాతాకు లింకు చేశావో నీకే తెలియదా?’ అని కౌంటర్ మనిషి కసురుతాడు.

తెలియకపోవడానికి కారణం ఉంది. 2017లో దేశంలో ఏం జరిగిందో చూడండి. సిమ్ కార్డు ధ్రువీకరణ కోసం వేలిముద్ర వేసినవారి పేరిట, వారికి స్పష్టంగా చెప్పకుండానే ఒక టెలికాం సంస్థ తన పేమెంట్స్ బ్యాంకు ఖాతాలు తెరిచిందని, వారి గ్యాస్ సబ్సిడీ ఆ ఖాతాల్లోకి పోయిందని ఫిర్యాదులు వచ్చాయి. ఆ ఏడాది డిసెంబరులో ఆధార్ సంస్థ ఆ టెలికాం సంస్థకు ఆధార్ ధ్రువీకరణ అనుమతిని తాత్కాలికంగా నిలిపివేసింది. వేలిముద్ర వేసినవాళ్ళు తెలివిలేనివాళ్ళా? వారికి చెప్పాల్సిన మాట చెప్పకుండా వేలు పెట్టించుకున్నారు, అంతే. ‘యూజర్‌కు తెలియదు’ అనే మాట విన్నప్పుడల్లా ‘ఎవరు చెప్పలేదు?’ అని తిరిగి అడగడం మనం నేర్చుకోవాలి.

తెలియకపోవడం వేరు, తెలుసుకోకపోవడం వేరు

కొందరు మిత్రులు మాతో వాదిస్తారు. ‘అందరూ మీ అమ్మానాన్నల్లా అమాయకులు కారు. లక్షల జీతం తీసుకుంటూ తెర మీద రెండు వాక్యాలు చదవని వాళ్ళ సంగతేమిటి?’ అని. ఇది న్యాయమైన ప్రశ్నే.

మా అనుభవంలో యూజర్లు రెండు రకాలు. ఒకరు తెలియనివారు. మరొకరు తెలుసుకోవడం తమ స్థాయికి తగని పని అనుకునేవారు. అటెండర్‌గా చేరి, యాభై ఏళ్ళ వయసులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టబడిన మనిషి చిన్న నోటుపుస్తకం తెచ్చుకుంటాడు. మేము చెప్పిన ప్రతి మెట్టూ తెలుగులో రాసుకుంటాడు. ‘స్టార్ట్ నొక్కాలి, రెండోది నొక్కాలి’ అని అంకెలు వేసుకుంటాడు. మూడోసారి అతని నుండి ఫోన్ రాదు. గొప్ప డిగ్రీలు ఉన్న అధికారి అదే సమస్యకు ఏడాది పొడవునా ఫోన్ చేస్తూనే ఉంటాడు. నేర్పుతామంటే ‘అదంతా నాకెందుకు, చేసి వెళ్ళు’ అంటాడు.

రెండోవారి మీద కోపం న్యాయమే. అయితే విచిత్రం ఏమిటంటే, జోకులన్నీ మొదటివారి మీదే. అధికారిని ఏమీ అనలేక, ఆ కోపాన్ని అటెండర్ మీద, రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి మీద, కొత్తగా చేరిన గుమాస్తా మీద చూపడం జరుగుతోంది. అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. పై నుండి పడ్డ మాటను కింది వాడికి అందించడం ఈ దేశంలో చాలా పాత అలవాటు. ఆ మెట్ల వ్యవస్థలో అందరికంటే కింద ఉంచబడిన ఇళ్ళ నుండి చదువుకుని వచ్చినవాళ్ళం మనం. మనకు ఒక మెట్టు దొరకగానే మన కింద ఇంకొకరిని వెతుక్కుంటే, బాబాసాహెబ్ ఫొటోకు దండ వేసే అర్హత మనకు ఎక్కడిది?

ఇంకో నష్టం కూడా ఉంది. వెక్కిరింపుకు భయపడిన యూజర్ రెండోసారి ఫోన్ చేయడు. అనుమానాస్పదమైన మెయిల్‌లోని లింకు నొక్కేసి, ‘చెబితే తిడతారు’ అని దాచిపెడతాడు. వెంటనే చెప్పి ఉంటే ఒక్క కంప్యూటర్‌తో ఆగేది, సాయంత్రానికి ఆఫీసు మొత్తానికి పాకుతుంది. ఈ రోజుల్లో ‘డిజిటల్ అరెస్ట్’ పేరుతో మోసగాళ్ళు వీడియో కాల్స్ చేసి డబ్బు గుంజుతున్నారు. అటువంటి అరెస్టు చట్టంలోనే లేదు. అయినా డాక్టర్లు, రిటైరైన అధికారులు సైతం మోసపోయారు. మోసపోయినవారు సిగ్గుతో దాచుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు ఆపే అవకాశం ఉంటుంది. ఎగతాళి చేసే సమాజంలో ఆ ఫోన్ ఆలస్యమవుతుంది.

కోపం ఎటు పోవాలి?

కోపాన్ని మింగమని మేము చెప్పడం లేదు. దాన్ని పైకి పంపమంటున్నాం. దానికి మా వృత్తిలోనే దారి ఉంది. ఒక్కసారి వచ్చిన ఇబ్బందిని ‘ఇన్సిడెంట్’ అంటారు. అదే ఇబ్బంది మళ్ళీ మళ్ళీ రావడానికి మూలకారణాన్ని ‘ప్రాబ్లమ్’ అంటారు. ఒకే రాయికి నలభై మంది కాలు తగిలి పడితే నలభై మందికీ కళ్ళు లేవనడం కంటే రాయిని తీయడం సులువు. అందువల్ల ఒకే తెర దగ్గర జనం తడబడుతుంటే, ఆ టికెట్ల నంబర్లన్నీ కలిపి, ‘ఈ తెర మార్చండి’ అని పైకి రాయాలి. టికెట్ల లెక్క మమ్మల్ని కొలవడానికే కాదు, వాళ్ళ వ్యవస్థను కొలవడానికి కూడా పనికొస్తుంది.

కంపెనీలను అడగవలసింది కూడా ఉంది. నిమిషాల లెక్కతో కొలిచినంత కాలం ఎవరూ యూజర్‌కు నేర్పరు, చేసి పెట్టి ఫోన్ పెట్టేస్తారు. మరుసటి వారం అదే ఫోన్ మళ్ళీ వస్తుంది. నేర్పిన సమయాన్ని కూడా పనిగా లెక్కించాలి. ప్రభుత్వ వెబ్‌సైట్లు తప్పు ఎక్కడ జరిగిందో తెలుగులో, ఒక పూర్తి వాక్యంలో చెప్పాలి. ‘ఇన్‌వాలిడ్’ అనే ఒక్క మాట తెర మీద పడేసి ఊరుకోవడం సేవ అనిపించుకోదు.

ఫోన్ ఎత్తే కొత్తవాళ్ళకు మా అనుభవంలోంచి నాలుగు మాటలు. ‘ఏం చేశారు?’ అని అడగకండి, అది నేరం మోపినట్టు ఉంటుంది. ‘ఇప్పుడు తెర మీద ఏం కనిపిస్తోంది? చదివి వినిపిస్తారా?’ అని అడగండి. యూజర్ చేతిలోంచి మౌస్ లాక్కోకండి. ఆలస్యమైనా అతని చేతే నొక్కించండి. చేయి గుర్తుపెట్టుకున్నట్టు చెవి గుర్తుపెట్టుకోదు. తెలుగువాడితో తెలుగులో మాట్లాడండి. పాస్‌వర్డ్ గానీ, ఓటీపీ గానీ ఎన్నడూ అడగకండి, వాళ్ళే చెప్పబోయినా ఆపండి. అడగకుండా ఉండడం కూడా ఒక పాఠం చెప్పడమే.

మన హాస్టల్‌కు ఒక ప్రతిపాదన

మాటలతో ముగించడం మాకు ఇష్టం లేదు. హాస్టల్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తుల కాలమంతా ప్రతి ఆదివారం ఉదయం రెండు గంటలు ఒక హెల్ప్ డెస్క్ పెడదాం. ఒక టేబుల్, ఒక కంప్యూటర్, ఒక పెద్ద నోటుపుస్తకం చాలు. పి.జి. చదివే అన్నలు, అక్కలు వంతులవారీగా కూర్చుంటారు. పూర్వ విద్యార్థులమైన మేము ఫోన్‌లో అందుబాటులో ఉంటాం. ఎవరు ఏ ఇబ్బందితో వచ్చారో, ఏం చేస్తే తీరిందో ఆ పుస్తకంలో తెలుగులో రాయాలి. పేర్లు, ఆధార్ నంబర్లు అందులో రాయవద్దు. సమస్య, పరిష్కారం మాత్రమే ఉండాలి. ఏడాది తిరిగేసరికి కొత్తగా చేరే పిల్లలకు అదే గైడు అవుతుంది. ఒకే సమస్య పదిసార్లు రాసి ఉంటే, ఆ పేజీ తీసుకుని వార్డెన్ గారి ద్వారా సంబంధిత అధికారులకు వినతిపత్రం ఇద్దాం. పిల్లల తల్లిదండ్రులు వచ్చినప్పుడు వారి ఫోన్లలో మెసేజీలు చదివి పెడదాం. వారికి ఆ రోజు కుర్చీ వేసి కూర్చోబెడదాం.

సపోర్ట్ ఉద్యోగంలో చేరబోయే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చివరిగా ఒక మాట. ఇది తక్కువ పని కాదు. అలాగని జీవితమంతా ఎల్-1లోనే ఉండిపోవద్దు. రాత్రి షిఫ్టులో ఫోన్లు రాని వేళ నెట్‌వర్కింగ్, లైనక్స్, క్లౌడ్ నేర్చుకోండి, పై మెట్టు ఎక్కండి. రేపు మీలో కొందరు ఫోన్ ఎత్తేవాళ్ళుగా కాక, ఆ తెరలను, ఆ ఫారాలను తయారు చేసేవాళ్ళు అవుతారు. ఇంటిపేరు ముందు రాసే మనుషులు ఉన్నారని, అరిగిన వేళ్ళు ఉన్నాయని, ఇంగ్లీషు రాని కళ్ళు ఉన్నాయని తెలిసినవాళ్ళు ఆ గదుల్లో ఉండాలి. అక్కడికి చేరేదాకా మన దగ్గరికి వచ్చి ‘ఏదో అయింది బాబూ, కొంచెం చూడవా?’ అని అడిగిన ప్రతి మనిషికీ ముందు కుర్చీ చూపించి, తరువాత కంప్యూటర్ చూద్దాం.

జై భీమ్!